గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చే పేటెంట్ కేసులు

పేటెంట్ కేసులనగానే అందరికీ గుర్తొచ్చేది ఆపిల్, శాంసంగ్, గూగుల్, కోట్ల డాలర్ల తీర్పులు. నన్నడిగితే టెక్ ఇండస్ట్రీ మీద అంతకన్నా ఎక్కువ ప్రభావం చూపేవి వార్తల్లోకి రాని, చాలాసార్లు కోర్టు గుమ్మం కూడా ఎక్కని ఉత్తరాలు. ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఎప్పుడూ పేరు వినని ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత ఉండే కంపెనీ) ఒకటి ఉత్తరం రాస్తుంది. మీ ప్రొడక్ట్ మా పేటెంట్‌ను ఉల్లంఘిస్తోంది, లైసెన్స్ తీసుకోండి, లేదా దావా వేస్తాం అని. ఆ ఎల్ఎల్‌సీకి ప్రొడక్ట్ ఉండదు, ఇంజనీర్లు ఉండరు, ఒక్కోసారి వెబ్‌సైట్ కూడా ఉండదు. పేటెంట్ ఉంటుంది, లాయరు ఉంటాడు, అంతే. ఇలాంటివాళ్లనే పేటెంట్ ట్రోల్స్ అంటారు.

ఇప్పుడు లెక్క వేసుకోండి. వాళ్లడిగేది యాభై వేల డాలర్లు అనుకుందాం. ఆ పేటెంట్ చెల్లదని మీకు గట్టి నమ్మకం ఉంది, మీ ఇంజనీర్లు కూడా అదే అంటున్నారు. కానీ ఆ మాట అమెరికా కోర్టులో నిరూపించాలంటే ట్రయల్ దాకా వెళ్లేసరికి లాయర్ల ఫీజే మిలియన్ల డాలర్లలో ఉంటుంది. గెలిచినా ఆ ఖర్చు మామూలుగా తిరిగి రాదు, ఎందుకంటే అక్కడ ఎవరి లాయరు ఫీజు వాళ్లదే. 2014లో ఆక్టేన్ ఫిట్‌నెస్ కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను కొంచెం సడలించింది గానీ ఇప్పటికీ అది ప్రత్యేకమైన కేసులకే. కాబట్టి యాభై వేలు కట్టేయడమే తెలివైన పని. ఉత్తరం రాసినవాడికీ ఇది తెలుసు, అందుకే అంతే అడిగాడు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు.

నేను ఈ పోస్టు రాయడానికి కారణం ఇదే. పేటెంట్ మంచిదా చెడ్డదా అని జనం వాదించుకుంటుంటారు. అది మంచిదైనా చెత్తదైనా దాని ధరను నిర్ణయించేది అందులో ఉన్న ఆవిష్కరణ విలువ కాదు, దాంతో పోరాడటానికి అయ్యే ఖర్చూ, పట్టే కాలమూ.

మచ్చుకి ఎంపీహెచ్‌జే అనే సంస్థ. స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా ఈమెయిల్‌కి పంపడం తమ పేటెంట్ అని చెప్పి అమెరికాలో వేల కొద్దీ చిన్న వ్యాపారాలకు ఉత్తరాలు పంపింది, ఒక్కో ఉద్యోగికి వెయ్యి డాలర్ల చొప్పున కట్టమని. స్కానర్ తయారు చేసినవాళ్లకు కాదు, కొనుక్కుని ఆఫీసులో పెట్టుకున్నవాళ్లకు! ఎందుకంటే తయారీదారుకు లాయర్లుంటారు, పోరాడతాడు. పది మంది ఉద్యోగులున్న అకౌంట్స్ ఆఫీసు పోరాడదు. చివరికి 2013లో వెర్మాంట్ రాష్ట్రం ఆ సంస్థ మీద కేసు వేసింది, 2014లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రంగంలోకి దిగి, దావా వేసే ఉద్దేశం లేకుండా దావా వేస్తామని బెదిరించడం మోసమని ఆరోపించి, చివరికి సెటిల్ చేసింది. ఇన్నోవాషియో అని ఇంకొకరు వైఫై పెట్టుకున్న హోటళ్ల మీదా కాఫీ షాపుల మీదా పడ్డారు. అదీ ఇదే పద్ధతి.

చిన్నవాళ్ల సంగతి అలా ఉంచండి, పెద్దవాళ్లు కూడా చెల్లుతుందో లేదో తెలియని పేటెంట్ల ముందు తల వంచిన కథ బ్లాక్‌బెర్రీది. ఇప్పటి పిల్లలకు తెలియదేమో, 2005 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ ఆఫీసులూ వాల్ స్ట్రీటూ బ్లాక్‌బెర్రీ మీదే నడిచేవి. ఎన్‌టీపీ అనే సంస్థ దగ్గర వైర్‌లెస్ ఈమెయిల్ మీద కొన్ని పేటెంట్లు ఉన్నాయి, ప్రొడక్ట్ ఏమీ లేదు. 2002లో వర్జీనియాలో జ్యూరీ ఎన్‌టీపీ పక్షాన తీర్పిచ్చింది. ఆ తర్వాత జడ్జి నష్టపరిహారం పెంచి 5.37 కోట్ల డాలర్లు చేసి, బ్లాక్‌బెర్రీ సేవలు ఆపేయాలని కూడా ఆదేశించాడు, అప్పీలు తేలేదాకా దాన్ని నిలిపి ఉంచాడు. మరోపక్క పేటెంట్ ఆఫీసు అవే పేటెంట్లను మళ్లీ పరిశీలించడం మొదలుపెట్టి ఒక్కొక్క క్లెయిమూ (పేటెంట్‌లో ఇది మాది అని రాసుకున్న అంశం) చెల్లదంటూ తిరస్కరిస్తూ వస్తోంది. అంటే ఇచ్చినవాళ్లే పొరపాటున ఇచ్చామంటున్నారు. కానీ పేటెంట్ ఆఫీసు గడియారం వేరు, కోర్టు గడియారం వేరు. ఆఫీసు తుది మాట చెప్పి, దానిమీద అప్పీళ్లన్నీ ముగిసేదాకా ఆగనని జడ్జి అనేశాడు. ప్రభుత్వం తరఫున న్యాయ శాఖ కూడా కోర్టుకొచ్చి మా ఉద్యోగుల ఫోన్లు ఆగిపోతే ఎలా అని మొరపెట్టుకుంది. చివరికి 2006 మార్చిలో బ్లాక్‌బెర్రీ తయారుచేసే రీసెర్చ్ ఇన్ మోషన్ 61.25 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. ఆ తర్వాత పేటెంట్లు చెల్లవని తేలినా ఆ డబ్బులో రూపాయి కూడా వెనక్కి రాని ఒప్పందం అది.

ఇక్కడ గమనించాల్సింది 5.37 కోట్లు 61.25 కోట్లు ఎలా అయ్యాయన్నది. మధ్యలో పేటెంట్ విలువేమీ పెరగలేదు, నిజానికి తగ్గింది. పెరిగింది భయం. ప్రొడక్టు మొత్తం మూసేయమని కోర్టు చెప్పగలిగితే ఆ ఒక్క ఫీచర్ విలువ ఎంతన్న ప్రశ్నే ఉండదు, మొత్తం వ్యాపారం విలువ ఎంతన్నదే మిగులుతుంది.

అది జరిగిన రెండు నెలలకే, 2006 మేలో, ఈబే వర్సెస్ మెర్క్ఎక్స్ఛేంజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ ఆయుధాన్ని సగం లాగేసుకుంది. పేటెంట్ ఉల్లంఘన రుజువైతే నిషేధ ఉత్తర్వు దానంతటదే రాదు, డబ్బుతో సరిపోని నష్టం జరిగిందా, ప్రజలకు ఇబ్బందా, ఇవన్నీ చూడాలి అంది. నా దృష్టిలో గత ముప్పై ఏళ్లలో టెక్ ఇండస్ట్రీకి ఎక్కువ మేలు చేసిన తీర్పు ఇదే, చాలామంది చెప్పే 2014 నాటి ఆలిస్ తీర్పు కాదు. ఆలిస్ కూడా ముఖ్యమే. ఏదో పాత ఆలోచన తీసుకుని, దాన్ని కంప్యూటర్ మీద చేస్తాం అని రాసినంత మాత్రాన పేటెంట్ రాదని చెప్పి చాలా చెత్త పేటెంట్లను ఊడ్చేసింది. కానీ అది పేటెంట్ నాణ్యత గురించి. ఈబే తీర్పు బేరమాడే శక్తి గురించి.

జర్మనీలో ఇప్పటికీ ఆ శక్తి దాదాపు అలాగే ఉంది. అక్కడ ఉల్లంఘన జరిగిందా అన్నది ఒక కోర్టు చూస్తుంది, పేటెంట్ చెల్లుతుందా అన్నది వేరే కోర్టు చూస్తుంది, మొదటిది ముందు తేలిపోతుంది, కాబట్టి రేపు చెల్లదని తేలబోయే పేటెంట్‌తో ఇవాళ సరుకు అమ్మకుండా ఆపేయించవచ్చు. 2021లో చట్టం కొంచెం మార్చారు, శ్రుతి మించకూడదని. 2022లో నోకియా మ్యూనిక్, మాన్‌హైమ్ కోర్టుల్లో గెలిచాక ఒప్పో, వన్‌ప్లస్ జర్మనీలో అమ్మకాలే ఆపేశాయి, 2024 జనవరిలో రాజీ కుదిరేదాకా. అంతకుముందు 2012లో మోటరోలాతో గొడవలో మైక్రోసాఫ్ట్ తన సరుకుల పంపిణీ కేంద్రాన్ని జర్మనీ నుంచి నెదర్లాండ్స్‌కు తరలించుకుపోయింది, ఏ పూట కోర్టు తాళం వేయిస్తుందోనని. గోడౌన్ ఎక్కడ పెట్టాలన్నది కూడా పేటెంట్ లాయర్లే చెప్పాల్సి వచ్చిందన్నమాట.

ఊళ్ల సంగతి వచ్చింది కాబట్టి మార్షల్ గురించి చెప్పకుండా ఉండలేను. టెక్సస్ తూర్పు మూలన పాతిక వేల జనాభా కూడా లేని ఊరు. 2015లో అమెరికా మొత్తంలో పడ్డ పేటెంట్ కేసుల్లో సుమారు 44 శాతం ఆ ఊరున్న తూర్పు టెక్సస్ ఫెడరల్ జిల్లా కోర్టులోనే పడ్డాయి, అందులోనూ సగానికి పైగా ఒకే జడ్జి ముందుకు, రాడ్నీ గిల్‌స్ట్రాప్ ముందుకు. అక్కడ విచారణలు తొందరగా నడుస్తాయి, కేసు మొదట్లోనే కొట్టేయడం అరుదు, జ్యూరీలు పేటెంట్ ఉన్నవాడి మాట వింటాయని పేరు. దాంతో ఆ ఊళ్లో తలుపులు మూసి ఉండే ఆఫీసులు, తలుపు మీద కంపెనీ పేరు, లోపల ఎవరూ ఉండరు. శాంసంగ్ అయితే కోర్టు ఎదురుగా ఐస్ స్కేటింగ్ రింక్‌కి స్పాన్సర్‌గా నిలబడింది, అక్కడి పిల్లలకు స్కాలర్‌షిప్పులిచ్చింది. రేపు జ్యూరీలో కూర్చునేది ఆ ఊరివాళ్లే కదా!

2017లో టీసీ హార్ట్‌ల్యాండ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి కళ్లెం వేసింది, కంపెనీ రిజిస్టరైన చోటో, లేదా దానికి నిజంగా వ్యాపార స్థలం ఉండి ఉల్లంఘన జరిగిన చోటో మాత్రమే దావా వేయాలని. రెండేళ్లకి ఆపిల్ ఆ జిల్లాలో ఉన్న తన రెండు స్టోర్లనూ మూసేసింది. కారణం అదేనని ఆపిల్ చెప్పలేదు గానీ, జిల్లా సరిహద్దు దాటిన వెంటనే డల్లస్‌లో కొత్త స్టోరు తెరిచింది, మీరే ఊహించుకోండి. కేసులు ఆగాయా అంటే, లేదు. అదే టెక్సస్‌లో వేకో అనే ఇంకో ఊరికి మారాయి, అక్కడి జడ్జి ఆలన్ ఆల్‌బ్రైట్ పేటెంట్ కేసులకు స్వయంగా స్వాగతం పలికాడు. 2022లో పైజడ్జి కలగజేసుకుని ఆ కేసుల్ని పన్నెండు మంది జడ్జీలకు పంచేదాకా అక్కడే రద్దీ. ఇప్పుడు మళ్లీ మార్షల్ జిల్లాదే మొదటి స్థానం.

కోర్టులు వదిలేసి కోడ్ రాసేవాళ్ల దగ్గరికి వద్దాం, ఎందుకంటే నాకు దగ్గరగా తెలిసింది అదే. పేటెంట్ వెనక ఉన్న ఒప్పందం ఏమిటి? నువ్వు కనిపెట్టింది దాచుకోకుండా లోకానికి వివరంగా చెప్పు, బదులుగా అర్జీ పెట్టిన రోజు నుంచి ఇరవై ఏళ్లు దానిమీద నీకు హక్కిస్తాం. చాలా సబబైన బేరం. మరి మీ టీమ్‌లో ఎవరైనా డిజైన్ మొదలుపెట్టేముందు పేటెంట్లు తిరగేసి, ఈ సమస్యను ఇంతకుముందు ఎవరు ఎలా పరిష్కరించారో నేర్చుకున్న సందర్భం ఒక్కటి చెప్పండి. నాకైతే ఒక్కటీ తెలియదు. పైగా నేను పనిచేసిన చోట లీగల్ ట్రైనింగ్‌లో చెప్పింది దానికి తలకిందులు: పేటెంట్లు వెతక్కండి, చదవకండి, ఎదుటి కంపెనీ పేటెంట్ లింకు చాట్‌లో పెట్టకండి. ఎందుకంటే తెలిసి ఉల్లంఘించారని తేలితే నష్టపరిహారాన్ని మూడింతలదాకా పెంచవచ్చు, 2016లో హేలో తీర్పు తర్వాత అది ఇంకా తేలికైంది. తెలియకపోవడమే రక్ష! లోకానికి నేర్పాలని పెట్టిన కాగితాన్ని చదవడమే ప్రమాదమైతే ఇక ఆ బేరంలో లోకానికి దక్కిందేమిటి?

అదే కంపెనీలు మళ్లీ ఇంజనీర్లను పేటెంట్లు రాయమని వెంటపడతాయి, అర్జీకి ఇంత బోనస్, మంజూరైతే ఇంత, గోడకి తగిలించుకోవడానికి ఓ ఫలకం. మనం రెండు పేజీల్లో చెప్పిన విషయాన్ని లాయరు నలభై పేజీలు చేసి పంపిస్తాడు. అందులో "అనేకానేక గణన పరికరాలలో కనీసం ఒకటి" తరహా వాక్యాలు చదివి ఇది నేను చేసిన పనేనా అని అనుమానం వస్తుంది. ఎంత వీలైతే అంత విశాలంగా, ఎంత వీలైతే అంత అస్పష్టంగా రాయడంలోనే ఆ లాయరు పనితనం ఉంది. అవతల అమెరికా పేటెంట్ ఆఫీసులో ఒక్కో అర్జీకి పరిశీలకుడికి దొరికే సమయం సగటున ఇరవై గంటలకు అటూ ఇటూ. ఇరవై గంటల్లో దాటిపోయినదాన్ని కొట్టేయించడానికి అవతలివాడికి మూడేళ్లు పడుతుంది.

దీనివల్ల ప్రొడక్టులు ఎలా వంకర్లు పోతాయో వాడేవాళ్లకు కనిపించదు. 2010లో ఫేస్‌టైమ్‌ని విడుదల చేస్తూ స్టీవ్ జాబ్స్ దీన్ని ఎవరైనా వాడుకునే ఓపెన్ స్టాండర్డ్ చేస్తామని వేదిక మీద ప్రకటించాడు. అది జరగలేదు. విర్నెట్ఎక్స్ అనే సంస్థ దావా వేసి 2012లో టెక్సస్‌లో గెలిచింది, దాంతో కాల్స్ వీలైనంతవరకు నేరుగా ఫోన్ నుంచి ఫోన్‌కు వెళ్లే పద్ధతిని పక్కనపెట్టి ఆపిల్ వాటన్నిటినీ మధ్యలో సర్వర్ల గుండా మళ్లించింది. అంటే ఇంజనీరింగ్ పరంగా మెరుగైన పద్ధతిని వదిలి ఖర్చెక్కువైన పద్ధతికి మారారు. కేసులు పదేళ్లకు పైగా నడిచాయి. మొదటి కేసులో ఆపిల్ 2020లో సుమారు 45.4 కోట్ల డాలర్లు కట్టింది. రెండో కేసులో 50.28 కోట్ల తీర్పు వచ్చింది, కానీ ఈలోగా ఆ పేటెంట్ల క్లెయిములు చెల్లవని పేటెంట్ ఆఫీసు బోర్డు తేల్చడం, 2023లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించడంతో అది కొట్టుకుపోయింది. ముందు కట్టినవి మాత్రం కట్టినవే. ఒకే దావాలమారి, ఒకే ప్రత్యర్థి, ముందు కేసుకి డబ్బొచ్చింది, వెనక కేసుకి సున్నా, తేడా అంతా ఏ కాగితం ఏ బల్ల మీదికి ముందు చేరిందన్నదే.

ఫార్మాట్లదీ ఇదే తీరు. గిఫ్ బొమ్మల్లో వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ కంప్రెషన్ మీద యూనిసిస్‌కు పేటెంట్ ఉంది. గిఫ్ 1987లో వచ్చి ఇంటర్నెట్ అంతా పాకిపోయాక, 1994 చివర్లో రాయల్టీ కట్టాలని ప్రకటన వచ్చింది. జనానికి ఒళ్లు మండి కొత్త ఫార్మాటే తయారు చేసుకున్నారు, అదే పీఎన్‌జీ. మంచిదే వచ్చింది, కాదనను. వీడియోలో హెచ్‌ఈవీసీది ఇంకా విచిత్రం. 2013లో వచ్చిన, వీడియోను కుదించే ఆ కోడెక్‌కు లైసెన్స్ కావాలంటే ఒకచోట కాదు, మూడు వేర్వేరు పేటెంట్ పూల్స్‌తోనూ (చాలామంది పేటెంట్లను ఒకచోట చేర్చి లైసెన్స్ ఇచ్చేవి), ఏ పూల్‌లోనూ చేరని కంపెనీలతోనూ మాట్లాడుకోవాల్సి వచ్చేది, మొత్తం ఎంతవుతుందో ఎవరూ చెప్పలేని పరిస్థితి. విసుగెత్తి గూగుల్, అమెజాన్, నెట్‌ఫ్లిక్స్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా, ఇంటెల్, సిస్కో లాంటి వాళ్లు 2015లో ఒక కూటమి కట్టి, రాయల్టీ లేని ఏవీ1 ని 2018లో విడుదల చేశారు. మామూలుగా ఒకరినొకరు చూసుకోలేని కంపెనీలు అవి! ఏడాది తిరిగేసరికి సిస్వెల్ అనే సంస్థ ఏవీ1 కి కూడా పేటెంట్ పూల్ పెడుతున్నామని ప్రకటించింది. నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇంతవరకూ చదివి నేను పేటెంట్లన్నీ రద్దు చేయాలంటానని అనుకుంటే పొరపాటు. టొరంటోలో ఐ4ఐ అనే చిన్న కంపెనీ ఉండేది, డాక్యుమెంట్లలో ఎక్స్ఎంఎల్ ఎడిటింగ్ వాళ్ల పని, నిజంగా అమ్ముకునే ప్రొడక్ట్ ఉంది. మైక్రోసాఫ్ట్ అదే పనిని వర్డ్‌లో పెట్టేసింది. వర్డ్‌లో ఉచితంగా వస్తుంటే ఐ4ఐ దగ్గర ఎవరు కొంటారు? వాళ్లు దావా వేసి 29 కోట్ల డాలర్లు గెలిచారు, 2010లో వర్డ్‌లోంచి ఆ ఫీచర్ తీసేయించారు, 2011లో సుప్రీంకోర్టు కూడా ఏకగ్రీవంగా వాళ్ల వైపే నిలబడింది. స్పీకర్లు చేసే సోనోస్ కూడా అంతే. గూగుల్‌తో కలిసి పనిచేసినప్పుడు తన పద్ధతులు అటు పోయాయని ఆరోపిస్తూ అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు (ఐటీసీ) వెళ్లి 2022లో గెలిచింది. అప్పుడు గూగుల్ స్పీకర్లన్నిటి వాల్యూమ్ ఒకేసారి మార్చే సౌకర్యాన్ని తీసేసింది. వాడేవాళ్లకు చిరాకే, ఒప్పుకుంటాను, కానీ ఆ చిరాకే లేకపోతే గూగుల్ లాంటి కంపెనీ చిన్న కంపెనీని ఎందుకు లెక్కచేస్తుంది? పెద్ద కంపెనీల్లో లోపలి లెక్క ఒకటుంటుంది: ముందు వాడేద్దాం, వాళ్లు దావా వేసేంత డబ్బు పెట్టలేరు, వేసినా అప్పుడు చూసుకుందాం. ట్రోల్ చిన్నవాళ్లను బెదిరించడానికి వాడే కోర్టు ఖర్చునే పెద్దవాళ్లు చిన్న ఆవిష్కర్తల్ని విసిగించడానికి వాడతారు. అందుకే ట్రోల్స్ మీద కోపంతో హక్కుల్నే నీరుగార్చేస్తే లాభపడేది గ్యారేజీలో కూర్చున్నవాడు కాదు.

పెద్దవాళ్లు తమలో తాము ఆడుకునే ఆట వేరు, దాని గురించి ఎక్కువ చెప్పను. దివాలా తీసిన టెలికాం కంపెనీ నార్టెల్ పేటెంట్లు ఆరు వేలు 2011లో వేలానికొస్తే గూగుల్ ఒక దశలో గణితంలోని పై (π) విలువ ప్రకారం 3.14159 బిలియన్ డాలర్ల బిడ్ వేసిందని రాయిటర్స్ రాసింది. చివరికి ఆపిల్, మైక్రోసాఫ్ట్ ఉన్న కూటమి 450 కోట్ల డాలర్లకు కొట్టేసింది. వెంటనే గూగుల్ 1,250 కోట్లు పెట్టి మోటరోలా మొబిలిటీని కొంది, పేటెంట్లు చాలావరకు ఉంచుకుని ఫోన్ల వ్యాపారాన్ని 291 కోట్లకు లెనోవోకు ఇచ్చేసింది. ఆ 2011లో ఆపిల్, గూగుల్ రెండూ పరిశోధన మీద కన్నా పేటెంట్ దావాలు, పేటెంట్ల కొనుగోళ్ల మీదే ఎక్కువ ఖర్చు చేశాయని మరుసటి ఏడాది న్యూయార్క్ టైమ్స్ లెక్కతేల్చింది. ఆపిల్, శాంసంగ్ యుద్ధం 2012లో 105 కోట్ల డాలర్ల తీర్పుతో పతాక స్థాయికి చేరి 2018లో రాజీతో ముగిసింది. ఈ ఏడేళ్లూ ఆపిల్ ఫోన్లకు శాంసంగ్ విడిభాగాలు అమ్ముతూనే ఉంది.

4జీ, 5జీ లాంటి స్టాండర్డ్‌లో భాగమైన పేటెంట్ల కథ ఇంకో లోకం. వాటిని తప్పించుకుని ఫోన్ చేయలేరు, అందుకే సముచితమైన రేటుకు, వివక్ష లేకుండా అందరికీ లైసెన్స్ ఇస్తామని యజమానులు ముందే మాటిస్తారు. సముచితం అంటే ఎంత అన్నదే గొడవంతా. చిప్ ధర మీద లెక్కించాలా, మొత్తం ఫోన్ ధర మీదా? ఫోన్ ధర మీద అంటే మంచి కెమెరా, పెద్ద స్క్రీన్ పెట్టినందుకు కూడా మోడెమ్ పేటెంట్‌కు ఎక్కువ కట్టినట్టే. 2014 డిసెంబరులో ఎరిక్సన్ కేసులో ఢిల్లీ హైకోర్టు షావోమీ ఫోన్ల అమ్మకాలు ఆపేసింది, కొద్దిరోజులకు క్వాల్‌కామ్ చిప్‌లున్న వాటికి మాత్రం అనుమతిచ్చింది. అదే కోర్టు 2024లో లావా కంపెనీ ఎరిక్సన్‌కు 244 కోట్ల రూపాయలు కట్టాలంది. తక్కువ లాభానికి ఫోన్లు అమ్మే కంపెనీకి అది ఎలాంటి దెబ్బో వేరే చెప్పాలా.

ఎదురుతిరిగినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆన్‌లైన్ షాపింగ్ కార్ట్ మాదే అన్న సోవరెయిన్ సంస్థకు అమెజాన్ అంతటిది 2005లో 4 కోట్ల డాలర్లిచ్చి వదిలించుకుంది. ఆన్‌లైన్ దుకాణం న్యూఎగ్ మాత్రం ట్రోల్స్‌తో రాజీపడేది లేదని కూర్చుంది, జ్యూరీ దగ్గర ఓడి కూడా అప్పీలుకెళ్లి 2013లో ఆ పేటెంట్ క్లెయిముల్నే కొట్టేయించింది. పాడ్‌కాస్టింగ్ మాదే అన్న పర్సనల్ ఆడియో మీద డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ చందాలు పోగేసి పోరాడి 2015లో గెలిచింది. ఫోటోల సాఫ్ట్‌వేర్ విషయంలో గ్నోమ్ ఫౌండేషన్ మీద 2019లో దావా పడితే, ఫ్రీ సాఫ్ట్‌వేర్ జనం దాని వెనక నిలబడ్డారు, మరుసటి ఏడాదికల్లా ఆ పేటెంట్ యజమాని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ దేనిమీదా దావా వేయనని రాసిచ్చాడు.

నాకు బాగా నచ్చింది ఇంటర్నెట్ సేవల కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ ఎత్తుగడ. కేసు పడగానే వాళ్లు డబ్బు బహుమతి ప్రకటించారు, ఈ పేటెంట్‌కన్నా ముందే అదే పని జరిగిందని చూపించే పాత పేపరు గానీ మాన్యువల్ గానీ తెచ్చినవాళ్లకు. తమమీద వాడిన పేటెంట్ ఒక్కటే కాదు, ఆ ట్రోల్ దగ్గరున్న అన్ని పేటెంట్ల మీదా! అంటే లెక్కనే తిరగేశారు, దావా వేసినవాడి ఆస్తి మొత్తం ప్రమాదంలో పడుతుంది. 2017లో మొదలైన ఈ పద్ధతి, సేబుల్ నెట్‌వర్క్స్ కేసుకొచ్చేసరికి వేకో జ్యూరీ ముందు గెలుపుదాకా వెళ్లింది, 2024లో సేబుల్ ఎదురు 2.25 లక్షల డాలర్లు కట్టి తన పేటెంట్లన్నీ ప్రజలకు వదిలేసింది. అయితే దీనికి క్లౌడ్‌ఫ్లేర్ పెట్టిన ఖర్చు అంతకన్నా ఎన్నో రెట్లు ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

డెలావేర్ జడ్జి కోల్మ్ కానలీ ఇంకో దారి పట్టాడు. తన ముందుకొచ్చే ఎల్ఎల్‌సీల వెనక అసలు యజమాని ఎవరు, డబ్బు పెట్టేది ఎవరు చెప్పండని 2022లో ఆదేశాలిచ్చి, అనుమానం వచ్చిన కొందరిని కోర్టుకు పిలిపించాడు. వచ్చినవాళ్లలో ఒకాయన ఫుడ్ ట్రక్ నడుపుకునే మనిషి. తన పేరు మీదున్న పేటెంట్ గురించి ఆయనకు పెద్దగా తెలియదు, వచ్చే డబ్బులో చిన్న వాటా ఇస్తామంటే ఒప్పుకున్నాడు. మిగతాదంతా వెనక ఉన్నవాళ్లకు. ఈ ఒక్క పని అన్ని కోర్టులూ చేస్తే, అంటే డబ్బు పెట్టేవాడి పేరు బయటపెట్టమంటే, నా అంచనాలో సగం ఉత్తరాలు ఆగిపోతాయి. ఓడినవాడు ఫీజు కట్టాలన్న నిబంధన కూడా అప్పుడే పనిచేస్తుంది, లేకపోతే ఓడిన ఎల్ఎల్‌సీ ఖాతాలో వసూలు చేయడానికి ఏముంటుంది?

ప్రస్తుతానికి గాలి అటు వీచడం లేదు. 2011 చట్టంతో వచ్చిన ఐపీఆర్, అంటే కోర్టు బదులు పేటెంట్ ఆఫీసు బోర్డు ముందే చెల్లదని వాదించే దారి, కొన్ని లక్షల డాలర్లలో తేలిపోయేది, కోర్టుతో పోలిస్తే చవకే. 2025లో ఆ అర్జీల్ని లోపలికే రానీయకుండా తిప్పిపంపడం బాగా పెరిగింది. దాంతో లెక్క మళ్లీ ఉత్తరం రాసేవాడి వైపు మొగ్గుతోంది.

కాబట్టి మీ కంపెనీకి అలాంటి ఉత్తరం వస్తే కొన్ని పనులు చేయండి. మీరే జవాబు రాయకండి, ఆఫీసు చాట్‌లో దానిమీద జోకులు వేయకండి, అవి రేపు కోర్టులో ఎగ్జిబిట్లవుతాయి. అలాగని పాత మెసేజులు చెరిపేయకండి, అది ఇంకా ప్రమాదం. ఉత్తరాన్ని చెత్తబుట్టలో కూడా వేయకండి, అందిన తేదీ కేసులో పనికొస్తుంది. పేటెంట్ లాయరుతో ఒక గంట మాట్లాడండి. గడువు తీరిన పేటెంటా, ఫీజులు కడుతున్నారా, ఇంకెవరిమీద దావాలు వేశారు, అవి ఎలా ముగిశాయి అని ముందు అడగండి. అవే ఉత్తరాలు అందుకున్న ఇతర కంపెనీలుంటే లాయరు ద్వారా వాళ్లతో కలవండి, ఖర్చు పంచుకోవచ్చు. పేటెంట్ దావాల నుంచి సభ్యులు ఒకరినొకరు కాపాడుకునే లాట్ నెట్‌వర్క్, ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్ లాంటి కూటముల్లో చేరడానికి చిన్న కంపెనీలకు పెద్ద ఖర్చు ఉండదు, అది మాత్రం ఉత్తరం రాకముందే చేసుకోవాల్సిన పని.